నేల నాడి చూచే కడ్డీ

హైదరాబాదులో తార్నాకా కూడలినుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలోనికి నడచి వెళ్లేవారి కాలికింద అరగంటలో నాలుగు రకాల నేలలు వస్తాయి. మొదట దిమ్మిస కొట్టినట్లు గట్టిపడిన కాలిబాట. తరువాత చెట్లనీడలో ఆకులు కుళ్లి మెత్తబడిన ఎర్రమన్ను. మరికొంత దూరాన గరగరలాడే మొరం. ఆపైన ఏనుగు వీపువలె నేలనుండి పైకి తేలిన గ్రానైటు బండ. చివరిదే మిగిలిన మూటికీ తల్లి. సుమారు 250 కోట్ల సంవత్సరాల వయసుగల ఆ శిల ఎండకూ వానకూ చితికి మొరమైనది; మొరం ఇంకను చితికి ఎర్రమన్నయినది. శిలలోని స్ఫటికం ఇసుకగా మిగిలినది, ఫెల్‌స్పారు బంకమన్నుగా మారినది, ఇనుము తుప్పుపట్టి ఎరుపురంగు నిచ్చినది. తెలంగాణా రైతు దీనినే చల్క నేల అంటాడు.

ఈ ఆవరణలోని ఆర్ట్స్ కళాశాల భవనానికి 1934 జూలై 5న శంకుస్థాపన జరిగినది. 1939 డిసెంబరు 4న దానికి ప్రారంభోత్సవం చేసినారు. శంకుస్థాపన అనే మాటను పునాదిరాయి వేయడమనే అర్థంలో వాడుతున్నాము గాని, శంకువు అనగా మొనదేలిన మేకు. దానిని నేలలో నాటడమే ఆ మాటకు అసలు అర్థం. మేకు దించడం శుభకార్యమైతే, ఆ మేకు ఎంత బలవంతాన దిగినదో కొలవడం ఒక శాస్త్రంగా పెరిగినది. ఇంజనీర్లు నేలలోనికి గుచ్చి చూచే పరికరాల కొసన ఉండేది నేటికీ ఒక ఉక్కు శంకువే. ఆ పరికరానికి పెనెట్రోమీటరు అని పేరు.

పేరు కొత్తది గాని పని పాతది. తొలకరి వాన వెలిసిన తరువాత రైతు చేనిలోనికి పోయి మడమతో నేలను నొక్కి, పిడికెడు మన్ను తీసి ఉండకట్టి, దానిని చిదిపి, నాగలి కట్టవచ్చునో కూడదో చెప్పగలడు. అదును, పదును అని జంటగా అంటారు గదా! అదును కాలానికి చెందినది, పదును తేమకు చెందినది. నాగటికర్రు నేలలో దిగేటప్పుడు మేడిపట్టిన చేతికి తగిలే ఎదురుబలమే పదునుకు కొలత. అట్లే పునాదిగోతిలో మేస్త్రీ గడ్డపార ఎత్తివేసి, అది పలికిన చప్పుడునుబట్టి "గట్టి తగిలింది" అంటాడు. 13వ శతాబ్ది నాటి రామప్ప, పాకాల చెరువుల మట్టికట్టలు ఈ చేతివిద్యతోనే నిలిచినవి. దానిని తక్కువగా చూడరాదు. అయితే అందులో ఒక చిక్కున్నది. ఒక మేస్త్రీ చెప్పే గట్టి, మరొక మేస్త్రీ చెప్పే గట్టి ఒకటి కావు. వరంగల్లులో ఒకని చేతికి తెలిసినదానిని ఉత్తరంలో వ్రాసి హైదరాబాదుకు పంపడానికి వీలులేదు. అంకె ఉంటేనే అది సాధ్యం.

ఆ అంకెకోసం వెదకవలసిన అగత్యం యూరపులో రైలుమార్గాలవల్ల వచ్చినది. స్వీడనులో మెత్తని బంకమన్నుమీద వేసిన రైలుకట్టలు తరచు జారిపోతూండగా, ఆ దేశపు రైల్వేశాఖ 1913లో ఒక భూసాంకేతిక సంఘాన్ని నియమించినది. ఆ సంఘం పని ముగియకముందే రెండు ఘోరప్రమాదాలు జరిగినవి. 1918 సెప్టెంబరు 13న హాలెండులో వేస్ప్ అనే ఊరివద్ద వానకు నానిన కట్ట జారి రైలు పడిపోగా 41 మంది మరణించినారు. మూడు వారాలు తిరగకముందే, అక్టోబరు 1న, స్వీడనులో యేటో వద్ద మరొక కట్ట జారి రైలు కూలి, మంటలు చెలరేగి, కనీసం 42 మంది చనిపోయినారు. రెండుచోట్లా పట్టాలు, బండి, దానిని నడిపినవారు అందరూ సరిగానే ఉన్నారు. మోసపుచ్చినది నేల.

స్వీడను సంఘం వాడిన పరికరం ఎంత సాదాసీదాదో చూడండి. మొనకు మర చెక్కిన ఒక ఇనుపకడ్డీ. దాని తలపై మెట్టుమెట్టుగా 100 కిలోలవరకు బరువులు పెడతారు. అంత బరువుకూ దిగకపోతే కడ్డీని చేతితో త్రిప్పుతారు. ఎన్ని అరచుట్లకు ఎంత లోతు దిగినదో వ్రాసుకొంటారు. అంతే! 1922లో సంఘం తన నివేదిక నిచ్చేనాటికి ఈ కడ్డీ వందలాది చోట్ల దిగి, కట్టలకింది మెత్తని పొరలను బయటపెట్టినది.

ఈ పద్ధతిలో ఒక లోపమున్నది. కడ్డీ లోతుకు పోయినకొలది దాని ప్రక్కలను మన్ను పట్టుకొంటుంది. పైన కొలిచిన బలంలో మొనకు తగిలినది ఎంత, ప్రక్కలకు అంటినది ఎంత అనేది తెలియదు. హాలెండులో బారెంట్సెన్ అనే ఇంజనీరు 1930 దశకపు తొలినాళ్లలో దీనికి చక్కని ఉపాయం కనిపెట్టినాడు. కడ్డీని ఒక గొట్టంలో దూర్చినాడు. మన్ను గొట్టాన్ని పట్టుకొంటుంది గాని లోపలి కడ్డీని ముట్టదు. కడ్డీ కొసన 10 చదరపు సెంటీమీటర్ల మట్టం, 60 డిగ్రీల మొనకోణం గల శంకువు. దానిని మనుషులే చేతులతో నొక్కేవారు. ఇప్పుడు పెద్ద కట్టడాలకు ముందు యంత్రాలతో దించే విద్యుత్ పరికరాలలోనూ అవే 10 చదరపు సెంటీమీటర్లు, అవే 60 డిగ్రీలు ప్రమాణంగా నిలిచియున్నవి.

ఇంతవరకు ప్రశ్న ఒక్కటే: ఉన్న నేల ఎంత గట్టిది? రెండవ ప్రశ్న అమెరికాలో పుట్టినది. మనం పోసి అణచిన మన్ను ఎంత గట్టిపడినది?

లాస్ ఏంజిలిస్ నగరానికి నీరిచ్చే సెయింట్ ఫ్రాన్సిస్ ఆనకట్ట 1928 మార్చి 12న, అర్ధరాత్రికి కొద్దిముందు, పగిలిపోయినది. అది కాంక్రీటు కట్టడం; దానికి ఆధారమైన కొండచరియ బలహీనమైనది. 400 మందికి పైగా కొట్టుకొనిపోయినారు. పోయిన జలాశయానికి బదులుగా బూకే లోయలో మరొకటి నిర్మించవలసివచ్చినది. ఈసారి మట్టికట్టలే వేయదలచినారు. అంతటి దుర్ఘటన తరువాత అదే నగరపు నీటిశాఖ మన్నుతో కట్ట వేస్తానంటే ప్రజలు నమ్ముతారా? ప్రతిపొరా సరిగా అణగినదని ఋజువు చూపవలసియుండెను. ఆ భారం రాల్ఫ్ ప్రాక్టర్ అనే ఇంజనీరుపై పడినది. ఆయన కనుగొన్న విషయాలు 1933లో ఒక ఇంజనీరింగు వారపత్రికలో నాలుగు వ్యాసాలుగా వెలువడినవి. నేడు మన దేశంలో రోడ్డుకట్టనుండి పెద్ద ఆనకట్టవరకు మన్ను అణచేచోటనెల్ల వినబడే ప్రాక్టర్ పరీక్ష ఆయనదే.

పరీక్ష సులభమైనది. భారతీయ ప్రమాణం ప్రకారం 1000 ఘన సెంటీమీటర్లు పట్టే డబ్బాలో మన్నును మూడు పొరలుగా వేసి, 2.6 కిలోల దిమ్మిసను 31 సెంటీమీటర్ల ఎత్తునుండి పొరకు 25 సార్లు వదలుతారు. తూకం వేస్తారు. కొంచెం నీరు ఎక్కువచేసి మళ్లీ అట్లే చేస్తారు. నీరు పెరిగినకొలది డబ్బాలో పట్టే పొడిమన్ను మొదట పెరిగి, ఒక హద్దు దాటినతరువాత తగ్గుతుంది. కొద్దినీరు రేణువులు ఒకదానిపై ఒకటి జరగడానికి తోడ్పడుతుంది. మితిమీరిన నీరు తానే చోటు ఆక్రమించి వాటిని దగ్గరకు రానీయదు. రైతు పదును అన్నదానికి ఇది ఇంజనీరు చేసిన లెక్క అనవచ్చును. కాకపోతే ఒకరు నేలను గుల్లచేయడానికి పదును చూస్తారు, మరొకరు అణచడానికి.

ప్రాక్టర్‌కు ఇక్కడ ఒక వింత కనబడినది. ఈ కథలో అన్నిటికన్న ముఖ్యమైనది ఇదే. తక్కువ నీటితో అణచిన పొడిమన్నులో మొనను గుచ్చితే అది దిగదు, రాయివలె ఎదిరిస్తుంది. చూచినవారు భేషని మెచ్చుకొంటారు. కాని ఆ మన్ను గట్టిదే గాని దిట్టమైనది కాదు. దానినిండా గాలిసందులు ఉంటాయి. జలాశయం నిండి నీరు ఆ సందులలోనికి చేరినప్పుడు ఆ గట్టిదనమంతా కరిగి కట్ట క్రుంగిపోతుంది. సరియైన పదునున అణచిన మన్ను ఆ రోజున కొంత మెత్తగా తోచినా, నానిన తరువాత తన బలాన్ని చాలావరకు నిలుపుకొంటుంది. కాబట్టి తేమ ఎంతో తెలియకుండా కడ్డీ చెప్పే అంకెను నమ్మరాదు.

ఆయన చేయించిన చేతిపరికరానికి ప్రాక్టర్ సూది అని పేరు వచ్చినది. స్ప్రింగుగల పిడి, దానికి ఒక కడ్డీ, కొసన సమతలంగా కోసిన బిళ్ల. మెత్తని మన్నుకు పెద్దబిళ్ల, గట్టిమన్నుకు చిన్నబిళ్ల తగిలిస్తారు. ఆ రోజులలో మన్నులోని తేమ తెలియాలంటే దానిని పొయ్యిలో రాత్రంతా ఆరబెట్టవలసియుండెను. తెల్లవారేసరికి కట్టమీద మరి రెండు పొరలు పడిపోతాయి. సూది అయితే కొన్ని నిముషాలలో తీర్పు చెబుతుంది: డబ్బాలో ఒకే తీరున అణచిన మన్నును గుచ్చి, ఎదురుబలాన్ని చూచి, ముందే గీసుకొన్న రేఖనుండి తేమను చదువుకోవచ్చును. పేరుకు గట్టిదనాన్ని కొలిచేదైనా, సూది చేసిన అసలు సేవ నీటిని కొలవడమే. గులకరాళ్లున్న మన్నులో మాత్రం అది పనికిరాదు.

ఆ తరువాత ఈ పరికరం పలుచేతులు మారినది. రెండవ ప్రపంచయుద్ధంలో బురదలో వాహనాలు దిగబడి నష్టపోయిన అమెరికా సైన్యం, ఏ పొలంమీద ఏ బండి పోగలదో తేల్చడానికి 30 డిగ్రీల మొనగల చేతిశంకువును రూపొందించినది. 1956లో ఆస్ట్రేలియాలో స్కాలా, నొక్కడానికి బదులు బరువును వదలి దెబ్బలు లెక్కించే పద్ధతిని రోడ్లకు వాడినాడు. దాని వారసురాలైన నేటి పరికరంలో 8 కిలోల బరువు 575 మిల్లీమీటర్ల ఎత్తునుండి పడుతుంది; ఒక్కొక్క దెబ్బకు శంకువు ఎన్ని మిల్లీమీటర్లు దిగినదో చూస్తారు. 1971, 1972 సంవత్సరాలలో అపోలో 15, 16 యాత్రికులు చంద్రునిమీద గుచ్చినది కూడ ఇటువంటి చేతికడ్డీయే.

మన చల్కనేలల రైతుకు వీటివల్ల ఏమి లాభం? ఆనకట్ట ఇంజనీరు కోరే గట్టిదనమే విత్తనానికి శత్రువు. 1963లో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రంలో టేలర్, గార్డ్‌నర్ అనే శాస్త్రజ్ఞులు ప్రత్తిమొక్కల తల్లివేరు ఎటువంటి మన్నులో దిగుతుందో పరీక్షించినారు. వేరును ఆపేది మన్ను సాంద్రత కాదనీ, కడ్డీకి తగిలే ఎదురుబలమేననీ తేలినది. ఒకే సాంద్రతగల మన్ను తడిగా ఉన్నప్పుడు వేరు దిగినది, ఆరినప్పుడు ఆగినది. చదరపు సెంటీమీటరుకు 20 కిలోల ఎదురుబలం వచ్చేసరికి చాలా పైరుల వేళ్లు నెమ్మదిస్తాయి. 30 కిలోల దగ్గరకు వచ్చేసరికి దాదాపు నిలిచిపోతాయి.

20 కిలోలంటే ఎంతో చేతికి తెలిసేటట్లు చెప్పవచ్చును. సైన్యపు శంకువు మట్టం సుమారు 3.2 చదరపు సెంటీమీటర్లు. 65 కిలోల ఉపాధ్యాయుడు తన బరువంతా దానిపై మోపితే చదరపు సెంటీమీటరుకు సరిగ్గా ఇంచుమించు 20 కిలోలు పడుతుంది. అంత మోపినా మొన దిగకపోతే, అక్కడ జొన్నవేరుకూ కష్టమే. అట్లని వేరు, కడ్డీ ఒకటే అనుకోరాదు. కడ్డీ బిర్రుగా తిన్నగా పోతుంది. వేరు తన కొసను జిగురుతో తడుపుకొంటూ, పగుళ్లలో మెలికలు తిరుగుతూ, చీమలు తొలిచిన దారులలో దూరుతూ పోతుంది. అందుచేతనే కడ్డీకి 20 కిలోలు తగిలేచోట వేరుకు తగిలేది అందులో కొంతభాగమే.

చల్కనేలకు ఒక చెడ్డగుణమున్నది. వానకు నానినప్పుడు అందులోని కొద్దిపాటి బంకమన్ను ఇసుకరేణువుల నడుమకు జారుతుంది. ఎండినప్పుడు సిమెంటువలె వాటిని అతుకుతుంది. నల్లరేగడి ఎండితే నెఱియలు విచ్చి తన్నుతాను గుల్లచేసుకొంటుంది. చల్కకు ఆ శక్తి లేదు. ఆముదం విత్తిన నాలుగు నాళ్లకు వాన వెనుదీస్తే పైన పెచ్చు కడుతుంది, మొలక ఆ పెచ్చుకింద వంగి చచ్చిపోతుంది. విత్తనం మంచిదే, ఎరువు వేసినదే. రైతు మాత్రం రెండవసారి విత్తనాలు కొనవలసివస్తుంది. 1972లో పటాన్‌చెరు వద్ద ఏర్పడిన ఇక్రిశాట్ క్షేత్రంలో ఎర్రనేల, నల్లనేల రెండూ ఉన్నవి. అక్కడ 1980 దశకంలో ఏ జొన్న, ఏ సజ్జ రకాల మొలకలు ఇట్టి పెచ్చును ఛేదించుకొని రాగలవో పరిశీలించినారు. వేరుసెనగ పొట్టు, వరిఊక వంటి నిదానంగా కుళ్లే పదార్థాలను మన్నులో కలిపితే ఎండినప్పటి గట్టిదనం తగ్గుతుందని చల్కనేలలలో జరిగిన ప్రయోగాలు చూపినవి. ఇదే రైతు వరిమడిలో దమ్ముచేసి, నీరు ఇంకకుండా అడుగున గట్టిపొరను తానే తయారుచేస్తాడని మరువరాదు. ఆ పొరలో కడ్డీ దిగకపోవడమే అక్కడ లాభం.

పాఠశాలలో ఈ కొలతను చూడగోరువారికి ఖర్చు స్వల్పం. మూడు సూతుల ఇనుపకడ్డీ ఒక మీటరు ముక్కను తీసుకొని, కొసన కడ్డీకన్న కొంచెం లావైన శంకువును అతికించవలెను. లావు ఎందుకంటే, శంకువు చేసిన బెజ్జం కడ్డీకన్న వెడల్పుగా ఉండి ప్రక్కల ఒరిపిడి తగ్గుతుంది. నడుమ ఒక బిళ్ల, దానిపై జారిపడడానికి నడిమిబెజ్జంగల రెండు కిలోల బరువు. ఎప్పుడూ ఒకే ఎత్తునుండి వదలి, 10 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టినవో లెక్కించవలెను. ఈ అంకెను ఇంజనీర్ల అంకెలతో పోల్చడానికి వీలులేదు. ఒకచోటిని మరొకచోటితో, ఒకరోజును మరొకరోజుతో పోల్చడానికి మాత్రం చక్కగా సరిపోతుంది. విద్యుత్ తీగలు, నీటిగొట్టాలు పోయే చోట గుచ్చరాదు.

ఉస్మానియా ఆవరణవంటి చోట విద్యార్థులు అడ్డదారిన నడచి వేసిన కాలిబాటలు, వాటికి రెండడుగుల దూరంలో ఎవరూ తొక్కని నేల ఉంటాయి. రెండూ ఒకే మన్ను, ఒకే వానకు తడిసినవి. వాన వెలిసిన మరునాడు, నాలుగవనాడు, పదవనాడు రెండుచోట్లా పదేసిసార్లు గుచ్చి వ్రాసుకొంటే, అంకెలలో తేడా ఏ భాగం పాదాలవల్ల వచ్చినదో, ఏ భాగం తేమ పోవడంవల్ల వచ్చినదో విడదీయవచ్చును. మరునాటి తేడా చాలావరకు పాదాలది. ఆపైన పెరిగే గట్టిదనం ఎండది. పదింటి సగటు తీయడంకన్న వాటిని వరుసగా పేర్చి నడిమి అంకె తీసుకొనడం మేలు. మొరంనేలలో ఏదో ఒకసారి మొన గులకరాయికి తగిలి, ఆ ఒక్క అంకె సగటునంతా చెడగొడుతుంది.

రాయి తగిలినదని తోచినప్పుడు జానెడు ప్రక్కన మళ్లీ గుచ్చి చూడవలెను. అక్కడ దిగితే అది గులకరాయి. పదిచోట్లా ఒకే లోతున ఖణేలుమంటే అది బండ. చేతికడ్డీ పని అంతటితో సరి. ఆ బండ ఎంత దూరం, ఎంత లోతున పరచుకొన్నదో చూడడానికి వేరు పద్ధతులున్నవి. తార్నాకా దాటి ఉప్పల్ రోడ్డున, 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పని అటువంటిదే. అట్టి పద్ధతులలో మిక్కిలి సాదాదానికి కావలసినది ఒక ఉక్కుపలక, ఒక సమ్మెట. పలకను నేలపై ఉంచి సమ్మెటతో కొట్టి, ఆ కదలిక దూరాన ఉంచిన పరికరాలకు ఎంతసేపటికి చేరినదో చూస్తారు. గుల్లగా ఉన్న పైమన్నులో అది సెకనుకు కొన్ని వందల మీటర్లు మాత్రమే పోతుంది. పగుళ్లులేని గ్రానైటులో ఐదువేల మీటర్లు దాటుతుంది.